నాలుగేళ్ళు నిండాయి, ఇంకా అ-ఆలు రాయడు. ప్లేస్కూల్ మార్చేయాలా?

బుజ్జిగాడి_అమ్మ (మియాపూర్)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

మా బాబుకి నాలుగేళ్ళ రెండు నెలలు. జూన్ నుంచి ఒక ప్లేస్కూల్‌కి వెళ్తున్నాడు. పుస్తకాలు లేవు, డైరీ లేదు, హోంవర్క్ లేదు. బ్యాగులో టిఫిన్ డబ్బా, ఒక జత బట్టలు, అంతే. సాయంత్రం జేబుల్లో ఇసుక, చొక్కా మీద రంగులు వేసుకుని వస్తాడు. "ఈరోజు ఏం నేర్చుకున్నావు నాన్నా?" అంటే "ఆడుకున్నా" అంటాడు. ఐదు నెలలుగా ఇదే జవాబు.

ఎదురు ఫ్లాట్‌లో ఇదే వయసు పాప ఉంది. ఏ నుంచి జెడ్ దాకా రాస్తుంది, 1 నుంచి 100 రాస్తుంది. వాళ్ళమ్మ నోట్‌బుక్ తెచ్చి మరీ చూపిస్తుంది. అది చూసిన రోజల్లా మా అత్తయ్యగారు "మావాడు ఈ వయసుకి గుణింతాలు రాసేవాడు" అంటారు. (మా ఆయన రాసుంటారని నాకైతే నమ్మకం లేదు.) వచ్చే ఏడాది ఎల్‌కేజీకి పెద్ద స్కూల్లో ఇంటర్వ్యూ ఉంటుందట. అక్కడ వీడు "ఆడుకున్నా" అంటే ఏం చేయాలి? ఫీజు కూడా తక్కువేం కాదు. నిజంగా టెన్షన్‌గా ఉంది. మార్చేయమంటారా?

---

లెక్కల_మనిషి (కూకట్‌పల్లి)

మేడం, మొహమాటం లేకుండా చెప్తా. ఆడుకోవడానికి ఫీజు ఎందుకండీ? అపార్ట్‌మెంట్ కింద ఉచితం.

మా పాపకి నాలుగున్నర. మామూలు స్కూలే. 100 దాకా రాస్తుంది, వారాలు, నెలలు చెప్తుంది. రోజూ అరగంట హోంవర్క్ చేయిస్తాం. మొదట్లో ఏడ్చేది, ఇప్పుడు అలవాటైంది. ఫిన్లాండ్‌లో ఏడేళ్ళ దాకా రాయించరు అని అందరూ చెప్తారు. అక్కడ ఒక పెద్ద మనిషికి ఏడుగురు పిల్లలు. ఇక్కడ ఎంతమందో మీరే లెక్కపెట్టుకోండి. ఆ పద్ధతి తెచ్చి మన క్లాసులో పెడితే మిగిలేది అల్లరే.

---

వైజాగ్_టీచరమ్మ

బుజ్జిగాడి అమ్మగారూ, కంగారుపడి ఈ వారమే ఏ నిర్ణయమూ తీసుకోకండి.

నేను 14 ఏళ్ళుగా చిన్నపిల్లల టీచర్ని. అందులో మొదటి ఆరేళ్ళు వర్క్‌షీట్ల స్కూల్లోనే చేశాను. రోజుకి నాలుగు షీట్లు, చుక్కల మీద దిద్దించడం. పిల్లల చేతులు పట్టుకుని నేనే రాయించేదాన్ని. ఇంటికి వెళ్ళే షీట్ అందంగా ఉండాలి కదా! కాబట్టి లెక్కల మనిషి గారు చెప్పే బడి నాకు బాగా తెలుసు.

ఇప్పుడు చేసే చోట క్లాసులో ఒక మూల కిరాణా కొట్టు ఉంది. ఖాళీ సబ్బు పెట్టెలు, డబ్బాల్లో కందిపప్పు, చింతగింజలు, ఒక పాత త్రాసు, చీటీలకి ఒక కాగితాల కట్ట. మొన్న జరిగింది చెప్తాను. ఒకడు షాపువాడు. ఒక పాప వచ్చి "రెండు సబ్బులివ్వు" అంది. వాడు మూడిచ్చాడు. ఆ పిల్ల చేతిలో పెట్టుకుని చూసి, "రెండే అన్నా" అని ఒకటి వెనక్కిచ్చింది. ఈలోగా ఇంకొకడొచ్చాడు, తనే షాపువాడినంటాడు. తోపులాట మొదలైంది. నేను వెంటనే వెళ్ళలేదు. ఎవరికీ దెబ్బ తగలదని చూసుకుని కాసేపు ఆగాను. తర్వాత సంచి పట్టుకుని కొనేదానిలా వెళ్ళి, "అయ్యో, తూకం వేసేవాళ్ళు ఒకరూ డబ్బులు తీసుకునేవాళ్ళు ఒకరూ లేరా ఈ షాపులో?" అన్నాను. అంతే, ఇద్దరికీ ఉద్యోగాలు దొరికాయి. డబ్బుల వాడు నాకు బిల్లు రాసిచ్చాడు. కాగితం నిండా పాము మెలికలే. కానీ ఎడమ నుంచి కుడికి, వరుస కింద వరుస. చివర్లో చదివి వినిపించాడు కూడా: "పప్పు, సబ్బు, వంద రూపాయలు."

రాతంటే అర్థమున్న గీత అని వాడికి తెలిసిపోయింది. అక్షరం ఇంకా రాలేదు, అంతే.

అపార్ట్‌మెంట్ కింద ఆటకీ దీనికీ తేడా ఏమిటంటారా? కింద ఆట కూడా అవసరమే, దాన్ని తక్కువ చేయను. కానీ క్లాసులో ఆ త్రాసు అక్కడ ఊరికే పడిలేదు. ముందు వారం పిల్లలు "ఏది బరువు" అని వాదించుకుంటే విని, నేను తెచ్చిపెట్టాను. ఎవరు ఏ మూలకి వెళ్తున్నారో, ఎవరు అసలు వెళ్ళడం లేదో రోజూ రాసుకుంటాను. ఆ పని చేయని చోట మాత్రం లెక్కల మనిషి గారి మాటే నిజం. ఫీజు దండగ.

ఇంకో చిన్న సంగతి. లెక్కలు వచ్చా రాదా చూడాలంటే 100 దాకా చెప్పించకండి. అది పాట లాంటిది. "వంటింట్లోంచి ఏడు చెంచాలు తీసుకురా" అని చూడండి. ఎన్ని తెస్తారో, ఎక్కడ ఆగుతారో చూడండి. తర్వాత ఆరేసి రూపాయి బిళ్ళలు రెండు వరుసలు పేర్చి, ఒక వరుసని వాళ్ళ ముందే దూరం దూరంగా జరిపి "ఏది ఎక్కువ?" అని అడగండి. పియాజే అనే స్విస్ శాస్త్రవేత్త పిల్లలతో చేసి చూసిన ప్రయోగం ఇది. ఈ వయసులో చాలామంది పొడుగ్గా ఉన్న వరుసే ఎక్కువంటారు. అది తప్పు కాదు, ఆ వయసు అంతే. బిళ్ళలు, గింజలు, ఇటుకలు వందసార్లు చేతుల్లోంచి వెళ్తే దానంతటదే పోతుంది.

---

లెక్కల_మనిషి

చెంచాలదేముందండీ, సాయంత్రం చేసి చెప్తా.

---

రెండుసార్లు_మార్చాం (గుంటూరు)

టీచరమ్మ గారు చెప్పింది బాగుంది. మా అనుభవం వేరు.

"ఆటల ద్వారా విద్య" అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసుంటే మూడేళ్ళ పాపని చేర్చాం. రోజూ వాట్సాప్‌లో ఫోటోలొచ్చేవి. రంగుల బంతుల తొట్టిలో పాప నవ్వుతూ, టోపీ పెట్టుకుని పాప నవ్వుతూ. ఒకరోజు జ్వరమని మధ్యలో తీసుకురావడానికి వెళ్తే ముప్పైమంది పిల్లలు చాప మీద కూర్చుని టీవీలో రైమ్స్ చూస్తున్నారు. టీచర్ ఫోన్‌లో ఉంది. బంతుల తొట్టి మీద దుప్పటి కప్పి ఉంది. ఫోటోల రోజే తీస్తారట, ఆయమ్మే చెప్పింది. వెంటనే మార్చేశాం. రెండోచోట ఇంకో తంటా, అది ఇంకోసారి చెప్తా.

అందుకే ప్లేస్కూల్ అన్న పేరు చూసి మోసపోకండి. గోడల మీద పిల్లల బొమ్మలు చూడండి. ముప్పై సీతాకోకచిలుకలూ అచ్చం ఒకేలా ఉన్నాయంటే అవి టీచర్ కత్తిరించినవే. బొమ్మలు పిల్లలకి అందే ఎత్తులో ఉన్నాయా, అద్దాల బీరువాలో తాళం వేసున్నాయా చూడండి. కొత్త బొమ్మలు మెరుస్తుంటే నాకు అనుమానమే. వాడితే గీతలు పడాలి కదా.

---

చావడి_కాపలా (నిర్వాహకులు)

పై పోస్టులో స్కూలు పేరు తీసేశాను. అనుభవాలు రాయండి, పేర్లు వద్దు.

---

చేతివేళ్ళు (హన్మకొండ)

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రాయడం లాంటి రోజువారీ పనులు కష్టమైనవాళ్ళకి అవి అలవాటు చేయిస్తాను. "రాయడం రావట్లేదు, చేయి నొప్పంటోంది" అంటూ ఐదేళ్ళ పిల్లల్ని నా దగ్గరకి తీసుకొస్తారు. చాలామందికి ఏ సమస్యా ఉండదు. తొందరపెట్టడమే సమస్య.

మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ దాదాపు మెత్తటి మృదులాస్థే, ఎక్స్‌రేలో కనిపించవు. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. ఆఖరిది మొదలయ్యేసరికి పిల్లలు ప్రైమరీ స్కూలు చివరికి వచ్చేస్తారు. అలాగని అప్పటిదాకా పెన్సిల్ ముట్టుకోకూడదని కాదు. రెండేళ్ళవాడు క్రేయాన్‌ని పిడికిలితో పట్టుకుంటాడు. తర్వాత వేళ్ళన్నీ కిందికి చూపిస్తూ పట్టుకుంటాడు. మూడు వేళ్ళ పట్టు చాలామందికి నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య కుదురుతుంది. కుదరకముందే పేజీలు పేజీలు రాయిస్తే ఎలా తోస్తే అలా పట్టుకుంటారు. అది అలవాటైపోతే మాన్పించడం నా ప్రాణానికి వస్తుంది.

ఇంకో సంగతి, రాత మొదలయ్యేది వేళ్ళతో కాదు, భుజంతో. ఊచలు పట్టుకుని వేలాడటం, నిలబెట్టిన బోర్డు మీద పెద్ద కుంచెతో గీయడం, బకెట్‌తో నీళ్ళు మోయడం, వీటితో భుజం, మోచేయి నిలకడకొస్తాయి. ఆ తర్వాతే వేళ్ళు. ఇంట్లో అయితే చపాతీ పిండి ముద్ద ఇవ్వండి, బఠాణీలు ఒలిపించండి, బట్టల క్లిప్పులు తీసి పెట్టమనండి. మీ బాబు జేబులో ఇసుక చూసి నాకు మాత్రం సంతోషమేసిందండీ. ఉతికేవాళ్ళకి ఉండదనుకోండి.

తెలుగు అక్షరాల్లో ఎక్కువ గుండ్రాలే. ఇసుకలో గుండ్రంగా తిప్పే చేయికి అ, ల, ట రాయడం తర్వాత పెద్ద కష్టమేం కాదు.

---

తెనాలి_తాతయ్య

నాకు 76 ఏళ్ళు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మా మనవరాలు ఈ చర్చ చూపించింది, కాబట్టి ఒక మాట.

ఆటలతో చదువంటే విదేశాల నుంచి దిగిన కొత్త వింత అన్నట్టు మాట్లాడుతున్నారు కొందరు. మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు. కానీ వామనగుంటలు ఆడుతుంటే చింతగింజలు ఏ గుంటలో ఎన్నున్నాయో, ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పేది. అష్టాచమ్మాలో నాలుగు గవ్వలు వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది. మా చెల్లెలు మూడేళ్ళ వయసులో మా పక్కన కూర్చుని ఆ లెక్క పట్టేసింది. ఎవరూ నేర్పలేదు. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద ఆగడం, గీత తొక్కితే అవుటని ఒప్పుకోవడం. గుజ్జనగూళ్ళలో లక్కపిడతల్లో ఇసుక అన్నం వండి "చారు పోసుకోండి" అని పెద్దవాళ్ళలా మాట్లాడటం. టీచరమ్మ గారి కిరాణా కొట్టు ఆ గుజ్జనగూళ్ళకి మేనకోడలే.

పడమటి దేశాల సంగతి కూడా చెప్తాను. జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1837లో చిన్నపిల్లల కోసం ఒక బడి పెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టాడు, అంటే పిల్లల తోట. ఆయన పిల్లలకిచ్చిన సామాను ఏమిటి? ఊలు బంతులు, చెక్క గోళం, స్తూపం, ఘనం, ఇటుకలు. పుస్తకం లేదు. ఎల్‌కేజీ, యూకేజీ అంటున్నామే, వాటిలో "కేజీ" ఆ తోటే. తోట పేరు ఉంచుకుని పలకలు పట్టించాం.

మాంటిస్సోరీ అమ్మ 1939లో మద్రాసు వచ్చింది, అడయారులో దివ్యజ్ఞాన సమాజం వారి దగ్గర టీచర్లకి శిక్షణ ఇచ్చింది. యుద్ధం వల్ల ఏళ్ళపాటు మన దేశంలోనే ఉండిపోయింది. అంతకంటే ముందే 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయ్ బధేకా బాలమందిర్ తెరిచాడు. ఆయన లాయరు. లాయరు పని మానేసి పిల్లల దగ్గర కూర్చున్నాడు. మాంటిస్సోరీ పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద పిల్లలు వేళ్ళు పోనిస్తారు. మనం అక్షరాభ్యాసంలో పళ్ళెంలో బియ్యం పోసి దిద్దిస్తాం. మనం ఒక్కరోజు చేసి ఫోటో తీసుకుని బియ్యం వంటకి తీసేస్తాం, అదే తేడా.

పొరపాటున ఎక్కువ రాశాను. కళ్ళు లాగుతున్నాయి.

---

లెక్కల_మనిషి

తాతయ్య గారికి నమస్కారం.

చెంచాల సంగతి చెప్పాలి కాబట్టి చెప్తున్నా. పాపని ఏడు తెమ్మన్నా. గుప్పెడు తెచ్చింది. "ఇవి ఏడేనా?" అన్నా. లెక్కపెట్టింది, తొమ్మిది దాకా. "ఎన్ని?" అంటే "ఏడు" అంది! మళ్ళీ అడిగితే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. 100 దాకా తప్పు లేకుండా రాసే పిల్ల. మా ఆవిడ నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

బిళ్ళల్లో పొడుగు వరుసే ఎక్కువంది. అది వయసు ప్రకారం అని టీచరమ్మ గారు ముందే చెప్పారు కాబట్టి వదిలేశా.

అయినా చెంచాలు చూసి నా అభిప్రాయం మొత్తం మారిపోదు. ఒకటో క్లాసులో వీళ్ళని రాసే పిల్లల పక్కన కూర్చోబెడతారు కదా, అప్పుడేం చేస్తారు?

---

నాష్‌విల్_నాన్న (టెనెస్సీ)

లెక్కల మనిషి గారూ, మేముండే రాష్ట్రంలోనే దీని మీద పెద్ద పరిశోధన జరిగింది. ఇక్కడ తల్లిదండ్రులం తెగ వాదించుకున్నాం.

టెనెస్సీ ప్రభుత్వం ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకి నాలుగేళ్ళకే ఉచిత ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది బడి) నడుపుతుంది. సీట్లకంటే పిల్లలెక్కువ కాబట్టి లాటరీ. లాటరీలో సీటొచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ కలిపి దాదాపు మూడువేల మందిని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళపాటు గమనించారు. ప్రీ-కే అయిపోగానే సీటొచ్చిన పిల్లలే ముందున్నారు, అక్షరాలవీ బాగా వచ్చాయి. ఆ ఆధిక్యం త్వరలోనే పోయింది. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లల మార్కులే తక్కువ, క్రమశిక్షణ ఫిర్యాదులు ఎక్కువ! ఎందుకలా అయిందన్నది తేలలేదు. పరిశోధకుల్లో ఒకరైన డేల్ ఫారన్ మాత్రం ఆ క్లాసుల్లో పిల్లల్ని అందరినీ కూర్చోబెట్టి టీచర్ చెప్పడం ఎక్కువ, ఆట తక్కువ అని, కారణం అదే కావచ్చని అన్నారు. అది ఆవిడ అభిప్రాయం, నిరూపణ కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ మిషిగన్‌లోని ఇప్సిలాంటిలో ఉంది. 1962 నుంచి 67 దాకా పెర్రీ ప్రీస్కూల్ అని నడిపారు. అందులో 58 మంది పిల్లలు, పోలికకి బడికి వెళ్ళని 65 మంది. అక్కడ పిల్లలు ముందు ఏం చేయబోతున్నారో చెప్పాలి, చేయాలి, తర్వాత ఏం చేశారో కూర్చుని చెప్పాలి. ఆ పిల్లలకి 40 ఏళ్ళు వచ్చేదాకా వెంటపడి చూశారు. బడికెళ్ళినవాళ్ళలో హైస్కూలు పూర్తిచేసినవాళ్ళు ఎక్కువ, సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. 123 మందంటే చిన్న గుంపే, పేద పిల్లలు, పైగా టీచర్లు వారానికోసారి ఇళ్ళకి కూడా వెళ్ళేవారు. ఆ ఫలితాన్ని తెచ్చి మియాపూర్‌లో అతికించలేం. కానీ నాలుగేళ్ళప్పుడు ఎన్ని అక్షరాలొచ్చాయన్నది చూసి తర్వాతి సంగతి చెప్పలేం అని నాకైతే అర్థమైంది.

మా పాప ప్లే క్లాసులో ఇంటికొచ్చి ఇంగ్లీషులో తగాదా పడటం నేర్చుకుంది. తెలుగులో తగాదా మేమే నేర్పుతున్నాం.

---

అంగన్‌వాడీ_అక్క (ఖమ్మం జిల్లా)

మీ ఫీజుల మాటలు వింటుంటే నవ్వొస్తుంది. మా సెంటర్‌లో ఫీజు లేదు, గుడ్డు కూడా పెడతాం.

1975 అక్టోబర్ 2న మొదలైన పథకం మాది. ఆటపాటల బడి అన్నది అప్పటి నుంచీ మా పనిలో ఉంది, ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. సీసా మూతలతో రంగులు వేరుచేయడం, ఆకులు తెచ్చి చిన్నవి పెద్దవి పేర్చడం, తోలుబొమ్మల్లాగా కాగితం బొమ్మలతో కథలు. పైసా ఖర్చు లేదు. కానీ నిజం చెప్పాలి. ఒక్కదాన్నే టీచర్ని, ఒక ఆయా. బరువులు తూచాలి, గర్భిణులకి సరుకులివ్వాలి, ఫోన్‌లో వివరాలు ఎక్కించాలి. ఆటకి మిగిలే సమయం మీరే ఊహించుకోండి. కిరాణా కొట్టు మూలన కూర్చుని పిల్లల మాటలు వినే తీరిక దొరికిన రోజు నాకు పండగే.

ఇంకో బాధ. నాలుగేళ్ళు రాగానే తల్లులు వచ్చి "అక్కా, మీ దగ్గర ఆటలే కదా" అని పిల్లల్ని కాన్వెంట్ బస్సెక్కిస్తారు. టై ఉంటుంది, బూట్లుంటాయి, హోంవర్క్ ఉంటుంది. నెల తర్వాత అదే పిల్లాడు బస్సు దిగి మా సెంటర్ కిటికీ దగ్గర నిలబడతాడు. ఒక పిల్లాడు అలా వారం రోజులు నిలబడ్డాడు. మూతల డబ్బా తీసి కిటికీలోంచి ఇచ్చాను. గట్టు మీద కూర్చుని పేర్చుకున్నాడు.

---

రూల్సు_రామయ్య

క్లుప్తంగా రెండు విషయాలు.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అంది. అంటే ప్రీస్కూల్ మూడేళ్ళు, ఒకటి, రెండు తరగతులు కలిపి. ఆ దశకి 2022 అక్టోబర్‌లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే మధ్యలో పెట్టింది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి నిర్ణీత పాఠ్యపుస్తకాలు ఉండకూడదంది. 2013 నాటి జాతీయ విధానంలో అయితే మూడు దాటిన పిల్లలు ఇరవైమందికి ఒక పెద్ద మనిషి అని కూడా ఉంది. లెక్కల మనిషి గారి అసలు ఫిర్యాదు ఇదే కదా, ఆ సంఖ్య స్కూలువాళ్ళని అడగండి.

ఇంటర్వ్యూ సంగతి: విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్ష పెట్టి చేర్చుకోవడాన్ని నిషేధిస్తుంది. అయితే ఆ చట్టంలో పిల్లలంటే 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళు. ఎల్‌కేజీ వయసు ఆ గీతకి ఇవతలే ఉంది. ఆ సందులోంచే ఈ ఇంటర్వ్యూలన్నీ నడుస్తున్నాయి.

---

వైజాగ్_టీచరమ్మ

లెక్కల మనిషి గారు అడిగిన దానికి: ఒకటో క్లాసులో మా పిల్లలు మొదటి కొన్ని వారాలు రాతలో వెనకే ఉంటారు. దాచను. తల్లిదండ్రులకి ముందే చెప్తాను. కానీ టీచర్ చెప్పేదాకా ఆగడం, పక్కవాడితో పెన్సిల్ పంచుకోవడం, "నాకు అర్థం కాలేదు" అని అడగడం వచ్చినవాడు త్వరగా అందుకుంటాడు.

ఆగడం అంటే గుర్తొచ్చింది. 1948లో సోవియట్ దేశంలో మనుయ్‌లెంకో అనే ఆవిడ చిన్నపిల్లల్ని కదలకుండా నిలబడమని చూసింది. ఊరికే నిలబడమంటే కాసేపే. "నువ్వు కాపలా సైనికుడివి" అని ఆటలో పెడితే చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. ఆటలో పిల్లాడు తనకిష్టమైన రూలుకి తనే లొంగుతాడు. రోజూ చూస్తాను. "చేతులు కట్టుకో" అంటే అర నిమిషం నిలవని వాడు, డాక్టర్ ఆటలో తన వంతు వచ్చేదాకా కుర్చీలో బుద్ధిగా కూర్చుంటాడు, పొట్ట పట్టుకుని మూలుగుతూ మరీ.

అక్షరాలు కూడా మేం నేర్పుతాం అండీ, వదిలేయం. "మ"తో మొదలయ్యేవి చెప్పమంటే మామిడి, మంచం, మామయ్య అని అరుస్తారు. చప్పట్లు కొడుతూ పేర్లు విడగొడతారు: కా-కి, పా-వు-రం. మన లిపిలో ఆ ఒక్కో చప్పట్లోనూ దాదాపు ఒక అక్షరం ఉంటుంది. చెవికి ముందు పట్టుబడితే కంటికి తర్వాత తేలిక.

బుజ్జిగాడి అమ్మగారూ, మీరొక పని చేయండి. ఒక గంట క్లాసులో కూర్చోనిమ్మని అడగండి. ఒప్పుకోకపోతే అదే ఒక జవాబు.

---

బుజ్జిగాడి_అమ్మ

అప్‌డేట్. ఆలస్యమైంది, క్షమించండి. నిన్న వెళ్ళాను. ఒప్పుకున్నారు. మూలన చిన్న కుర్చీ వేశారు, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను.

పద్ధెనిమిది మంది పిల్లలు, ఒక టీచర్, ఒక ఆయమ్మ. మొదట నాకు గోల తప్ప ఏం కనిపించలేదు. తర్వాత మావాడిని మాత్రమే చూశాను. చెక్క ఇటుకలతో ఫ్లైఓవర్ కడుతున్నాడు, ఇంకో ఇద్దరితో. రెండు స్తంభాల మధ్య పెట్టడానికి పొడుగు చెక్క చాలట్లేదు. పడిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. మూడోసారి పడ్డప్పుడు నేను లేవబోయాను, టీచర్ చేయి అడ్డం పెట్టి ఆపింది. ఆవిడ దగ్గరకెళ్ళి "ఎందుకు పడుతోంది?" అని మాత్రం అడిగి ఊరుకుంది. పక్క పాప "దూరం ఎక్కువుంది" అంది. మావాడు స్తంభం దగ్గరికి జరిపాడు. నిలబడింది. కానీ కింద కారు పట్టలేదు! అప్పుడు వాడు రెండు పొట్టి చెక్కలు తెచ్చి ఒక పొడుగు చెక్క పక్కన పెట్టి చూశాడు, సమానం. దాంతో ఇంకో వరుస వేశారు. ఇరవై నిమిషాలు. ఇంట్లో అన్నం ముందు ఐదు నిమిషాలు కూర్చోని పిల్లాడు.

టీచర్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. అందులో మావాడి పేజీ చూపించింది. జూన్‌లో ఒంటరిగా ఆడేవాడట. ఆగస్టులో పక్కన కూర్చుని అదే ఆట విడిగా ఆడేవాడట. ఇప్పుడు కలిసి ఆడుతున్నాడని రాసుంది. మూడో పేజీలో "కోపం వస్తే తోస్తున్నాడు, మాటలతో చెప్పడం అలవాటు చేయాలి" అని కూడా ఉంది. అది చదివి కొంచెం బాధేసింది, కానీ నిజమే.

నచ్చనిదీ ఉంది. అక్షరాల ఆటలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు కథల పుస్తకాలు రెండే, అవీ పైన అరలో. పిల్లలు ఆడుకునేదంతా తెలుగులో, హిందీలో. అడిగాను. చూస్తామన్నారు. నేనే నాలుగు తెచ్చిస్తానన్నాను.

ప్రస్తుతానికి మార్చడం లేదు. ఎల్‌కేజీ సంగతి ఇంకా తేల్చుకోలేదు, రాతపరీక్ష లేని స్కూళ్ళు మా వైపు రెండు కనిపించాయి.

---

లెక్కల_మనిషి

పద్ధెనిమిదికి ఒక టీచర్, ఒక ఆయమ్మ అన్నమాట. మా పాప క్లాసులో 34.

హోంవర్క్ మానేయలేదు కానీ అరగంటని పది నిమిషాలు చేశాం. మిగతా సమయం అష్టాచమ్మా. నేనే ఓడిపోతున్నా. తాతయ్య గారూ, నాలుగు గవ్వల్లో మూడు బోర్లా ఒకటి వెల్లకిలా పడితే ఒకటేనా?

---

తెనాలి_తాతయ్య

ఒకటే. మీ పాప రెండంటే ఒప్పుకోకండి.

---

రెండుసార్లు_మార్చాం

లక్కపిడతలు ఎక్కడ దొరుకుతాయండీ? ప్లాస్టిక్ కిచెన్ సెట్ చూసి విసుగొచ్చింది.

---

వైజాగ్_టీచరమ్మ

మా వైపు ఏటికొప్పాకలో చేస్తారు. అంకుడు కర్ర, లక్క పూత, చెట్ల నుంచి తీసిన రంగులు. గుండ్రంగా ఉంటాయి, అంచులు గుచ్చుకోవు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే మరీ చిన్నవి కొనకండి.

---

బుజ్జిగాడి_అమ్మ

ఒక చిన్న ముచ్చట చెప్పి వెళ్తాను. ఆదివారం మావాడు హాల్లో సోఫా దిండ్లతో కిరాణా కొట్టు పెట్టాడు. బోర్డు కావాలన్నాడు. నేను పనిలో ఉన్నానని నానమ్మ దగ్గరకెళ్ళి "పప్పు అని ఎలా రాస్తారు?" అని అడిగాడు. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ రాసి చూపించారు. చూసి అట్టముక్క మీద ఒక పే...ద్ద "ప" గీశాడు.

"తలకట్టు పెట్టలేదు నాన్నా" అన్నారావిడ.

"పెడతాలే నానమ్మా, షాపు ఇంకా కట్టడమే అవలేదు" అన్నాడు.